ఖాళీ బెంచీలకు డెమో క్లాసు

దెయ్యాలు లేవనే అనుకునేవాణ్ణి. ఇప్పటికీ అలా అనుకోవడానికే ఇష్టపడతాను. ఎం.ఏ. ఇంగ్లిష్ చదివి, రాజాంలో ఒక ప్రైవేటు కాలేజీలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. భయపడడానికి నాకు బతికున్న మనుషులే సరిపోయేవారు.

ఒక వేసవిలో కాలేజీవాళ్ళు నా ఉద్యోగం తీసేశారు. చాలా మర్యాదగా, టీ ఇచ్చి మరీ తీసేశారు. అద్దె ఇల్లు ఖాళీ చేశాం. నా భార్య సునీత బొబ్బిలిలో వాళ్ళ పుట్టింటికి వెళ్ళింది. కొన్నాళ్ళే అన్నాం. ఎన్నాళ్ళో ఇద్దరం ఒకరినొకరం అడగలేదు.

విదేశాల్లో ఇంగ్లిష్ చెప్పడానికి పనికొస్తుందని ఒక ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు చేశాను. సర్టిఫికెట్ వచ్చింది, ఉద్యోగం రాలేదు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళే కావాలని కొందరు జవాబిచ్చారు. మిగతావాళ్ళు ఆ శ్రమ కూడా తీసుకోలేదు. చివరికి వియత్నాంలో పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే ఒక సంస్థ డెమో క్లాసు చెప్పమంది. పిల్లలు లేకపోయినా ఫర్వాలేదు, ఉన్నట్టే అనుకుని వీడియో కాల్‌లో పాఠం చెప్పాలి.

బోర్డున్న గది కావాలి. గరివిడి దగ్గర మా మేనమామకు ఒక చిన్న స్కూలుండేది. కరోనా సెలవులకు మూసింది మళ్ళీ తెరవలేదు. ఇప్పుడు ఆయన ఉద్యోగమల్లా గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని దారిన పోయేవాళ్ళను పలకరించడమే.

ఉదయం వెళ్ళి గది తాళం తీశాను. బెంచీల మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము. బోర్డు తుడిచి, ఆఖరి బెంచీ తుడిచి, బోర్డంతా కనిపించేలా ల్యాప్‌టాప్ దాని మీద పెట్టాను. మిగతా బెంచీలు తుడవలేదు. ఎవరు కూర్చుంటారు గనక?

కాల్ కలిపాను. అటువైపు ఆ సంస్థ తరఫున ఒక నడివయసు మేడమ్. నేను గుమ్మంలోంచి లోపలికి నడిచి, ఖాళీ బెంచీలకు నవ్వుతూ గుడ్ మార్నింగ్ చెప్పాను.

ఇక్కడొక మాట. మన స్కూళ్ళలో సారు రాగానే పిల్లలంతా లేచి, రాగం తీసి గుడ్ మార్నింగ్ చెబుతారు. సారు సిట్ డౌన్ అనేదాకా కూర్చోరు. కాలేజీలో నేనూ ఏళ్ళ తరబడి అన్న మాటే అది. కానీ విదేశాల్లో ఇలాంటి ఇంగ్లిష్ క్లాసుల్లో పిల్లలు లేవరని, ఆ పద్ధతి మానుకోవాలని కోర్సులో నేర్పారు. కాబట్టి మానుకున్నాను. నేరుగా పాఠంలోకి దిగాను. పండ్ల పేర్లు. అడగడం, ఆగడం, జవాబు వచ్చినట్టు తలూపడం. పాఠం బాగానే వచ్చిందనిపించింది.

అయ్యాక మేడమ్ కాగితం మీద ఏదో రాసుకుంది. తర్వాత అడిగింది, పిల్లలను పాఠమంతా ఎందుకు నిలబెట్టారని. వాళ్ళ తలలు అడ్డొచ్చి బోర్డు మీద రాసింది సగం కనిపించలేదట. మీ దేశంలో ఇది శిక్షా, మా దగ్గర ఇలా కుదరదు అంది.

నేను స్క్రీన్ వైపు వంగి చూశాను. ఓ మూల, నేను కనిపించే చిన్న చతురస్రంలో నా వెనక ఖాళీ బెంచీలే ఉన్నాయి. మేడమ్ ఇంకెవరి క్లాసుతోనో పొరపాటు పడిందేమో. గదిలో ఎవరూ లేరని చెప్పడానికి నోరు తెరిచాను. ఉద్యోగం లేని మనిషికి ఎదుటివాళ్ళ తప్పులు దిద్దే చొరవ తక్కువ. సారీ అన్నాను. రేపు మరొక్కసారి చెప్పండి, ముందు వాళ్ళను కూర్చోబెట్టండి, అదే ఆఖరి అవకాశం అంది.

బయటికొచ్చి మావను అడిగాను, ఈ స్కూల్లో పిల్లలకెవరికైనా ఏమైనా అయిందా అని.

"ఏటయ్యిందిరా? అందరూ ఇశాపట్నంలో సుబ్బరంగా సదువులో పనులో సేసుకుంతన్నారు. దెయ్యాలవ్వాలంటే ముందు సావాల కదరా అల్లుడూ!" అని నవ్వాడు.

అందులో తర్కం ఉంది. అందుకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు గది తీసేసరికి దుమ్ము నిన్నటిలాగే ఉంది. చెయ్యి పడిన గుర్తు కూడా లేదు. కాల్ కలిసింది. లోపలికి నడిచాను. గుడ్ మార్నింగ్ అన్నాను. మేడమ్ నన్ను చూడడం లేదు, బెంచీల వైపు చూస్తోంది. అనకపోతే ఉద్యోగం పోతుంది. అంటే ఏం పోతుందో తెలియదు. బొబ్బిలిలో ఉన్న మనిషిని తలుచుకుని అనేశాను.

"సిట్ డౌన్."

బెంచీలన్నీ ఒక్కసారే కిర్రుమన్నాయి.

స్కూలు వెనక పట్టాల మీద రైలు పోయినప్పుడు ఆ గోడలు అదురుతాయి, నిజమే. ఆ సమయంలో రైలు లేదు. స్క్రీన్ మీద మేడమ్ చిరునవ్వు నవ్వింది. పాఠం ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. బోర్డు వైపు తిరగాల్సి వచ్చినప్పుడల్లా పక్కకే నడిచాను, బెంచీలకు వీపు పెట్టలేదు. ఆఖర్న మేడమ్, చాలా బాగుంది, పాపం ఇక పిల్లలను పంపించేయండి అంది. వెళ్ళిపోండి అన్నాను. ఏ చప్పుడూ రాలేదు.

అప్పుడు గేటు దగ్గర్నుంచి మావ గొంతు వినిపించింది.

"మెల్లగా... మెల్లగా ఎల్లండర్రా! తోసుకోకండి!"

పరుగెత్తాను. మావ కుర్చీ పక్కకు జరిపి, గేటుకు ఓ పక్కగా నిలబడి ఉన్నాడు. రోడ్డు మీద ఒక కుక్క తప్ప ఎవరూ లేరు.

"ఎవరితో మావా?"

"ఏటి ఎవులితో? నానేటన్నాను?" అన్నాడు. నిజంగానే తెలియనట్టు చూశాడు. తర్వాత తను నిలబడ్డ చోటు చూసుకున్నాడు. కుర్చీ చూసుకున్నాడు. "టీ తాగుదాం పద" అన్నాడు. ఆ రోజు మళ్ళీ గేటు దగ్గర కూర్చోలేదు.

ఉద్యోగం వచ్చింది. సునీత, నేను ఇప్పుడు వియత్నాంలోనే ఉంటున్నాం. మేడమ్‌ను రోజూ చూస్తాను, మంచి మనిషి. ఆ రోజు ఏం చూశారని ఒక్కసారీ అడగలేదు. అడిగితే చెబుతుందనే నా భయం. బెంచీలు ఎండకు బిగుసుకుని ఉంటాయనీ, మావకు పాత అలవాటు నోట్లోంచి వచ్చిందనీ ఎన్నో చెప్పుకున్నాను. విడివిడిగా అన్నీ కుదురుతాయి. కలిపి చూస్తే ఒక్కటీ కుదరదు.

మా సంస్థలో పిల్లలు నేను వస్తే లేవరు. అయినా క్లాసులోకి వెళ్ళగానే సిట్ డౌన్ అంటాను. కూర్చున్నవాళ్ళకు చెబుతున్నానని వాళ్ళు నవ్వుతారు. వాళ్ళకే చెబుతున్నానని నేనూ అనుకుంటాను.