గది వచ్చేదాకా నేనే గది

మొన్న మంగళవారం పొద్దున్న మా దొడ్డ పోయింది. సర్కండా నుంచి ఆటోలో ఆఫీసుకి బయల్దేరి అర్పా వంతెన మీదికి వచ్చానో లేదో, దొడ్డ పక్కింటావిడ ఫోన్ చేసి హిందీలో ఒక్క మాట చెప్పింది. "మీ పెద్దమ్మ ఎంత పిలిచినా లేవడం లేదమ్మా." ఎటు వెళ్ళాలో నేను చెప్పగానే ఆటో అతను బండి తిప్పాడు. వెళ్ళేసరికి దొడ్డ మంచం మీద పక్కకి ఒత్తిగిలి, చెయ్యి చెంప కింద పెట్టుకుని ఉంది. కొన్ని నెలలుగా గుండెకి మందులు వాడుతోంది. నిద్రలోనే పోయిందని రైల్వే ఆస్పత్రి డాక్టరు చెప్పాడు.

దొడ్డ అంటే మా అమ్మకి అక్క. రైలు ఉద్యోగాల కోసం శ్రీకాకుళం నుంచి బిలాస్‌పూర్ వచ్చి ఇక్కడే వేళ్ళు దిగిన మా ఇళ్ళలో పెద్దమ్మని ఇప్పటికీ దొడ్డ అనే పిలుస్తాం. ఆవిడ పరుగెత్తి ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. పెళ్ళికి ముందు నాలుగు వందల మీటర్ల పరుగులో గెలిచి, ఆటగాళ్ళ కోటాలో పార్సిల్ ఆఫీసులో క్లర్కుగా చేరింది. పెదనాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. వాళ్ళకి పిల్లలు లేరు. ఉన్న ప్రేమంతా మా మీదే చూపించింది. అది కూడా పరుగు మీదే. బుధవారీ బజారులో ఆవిడ వెనక నడవాలంటే మాకు ఆయాసం వచ్చేది. "ఏటే, చలిచీమల్లాగ నడుస్తారు?" అని ముందు నుంచి కేకేసేది.

ఆవిడ నోట్లో 'అచ్ఛా' అనే మాట మూడు రకాలుగా పలికేది. చప్పున అంటే ఒప్పుకున్నట్టు. సాగదీసి అంటే నమ్మనట్టు. తల పంకిస్తూ, ఎదుటి మనిషిని కాక గోడని చూస్తూ మెల్లగా అంటే, మనం చెప్పింది పూర్తిగా విని పక్కన పెట్టేసిందని, ఇక తనకి తోచిందే చేస్తుందని అర్థం. ఈ మూడో అచ్ఛా ఎంత గట్టిదో మా ఇంట్లోవాళ్ళకే కాదు, ఊళ్ళోని ఒక విశ్వవిద్యాలయానికి కూడా తెలిసొచ్చింది. నేను చెప్పదలుచుకున్నది ఆ సంగతే.

రిటైరయ్యాక దొడ్డ రోజూ పొద్దున్నే ఆ విశ్వవిద్యాలయం మైదానానికి వెళ్ళి నడిచేది. చీర కిందికి కాన్వాసు బూట్లు. పరుగు సాధనకి వచ్చే ఆడపిల్లల్ని నిలేసి చేతులు ఎలా ఊపాలో చెప్పేది. వాళ్ళలో బెల్తరా నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఉండేది. పొడుగ్గా, సన్నగా, మాట తక్కువ. ఒకరోజు సాధన అయ్యాక ఆ పిల్ల నీళ్ళ ట్యాంకుకీ ప్రహరీ గోడకీ మధ్య సందులో దూరి బట్టలు మార్చుకుంటుంటే, ఇంకో పిల్ల చున్నీ పట్టుకుని అడ్డంగా నిలబడటం దొడ్డ చూసింది. గోడ అవతల చాయ్ కొట్టు. అక్కడ మగవాళ్ళు.

ఆ రోజు నేరుగా మా ఇంటికొచ్చింది. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి అంది.

"మా కాలంలోనూ అదేనే. నాకు మీ అమ్మ దుప్పటి పట్టుకునేది. ఇన్నేళ్ళకి దుప్పటి పోయి చున్నీ వొచ్చింది. అంతే మారింది."

తర్వాత ఆ అమ్మాయే చెప్పిందట. చెమట బట్టలతో బస్సెక్కితే నలుగురూ చూస్తున్నారని, ఈ సందులో సంగతి తెలిస్తే నాన్న రావద్దంటాడని. దొడ్డ రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి ఒక భాగం తీసి విశ్వవిద్యాలయం క్రీడా విభాగానికి ఇచ్చింది. ఎంతో నేను చెప్పను, ఆవిడా చెప్పేది కాదు. దేనికో మాత్రం చాలా స్పష్టంగా రాయించింది. పరుగుకి వచ్చే ఆడపిల్లలు బట్టలు మార్చుకోడానికి ఒక గది, అందులో నీళ్ళు, లోపలి నుంచి వేసుకునే గొళ్ళెం. గొళ్ళెం అన్న మాట దగ్గర, రాసుకుంటున్న గుమాస్తా నవ్వాడట. "నవ్వీ బాబూ, రాసీ," అందట.

సభ పెట్టారు. శాలువా కప్పారు. పెదనాన్న పేరున ఇస్తున్నానని చెబితే చప్పట్లు కొట్టారు. అప్పటికి పెదనాన్న పోయి చాలా కాలం కాలేదు. ఇంటికొచ్చి శాలువా మడిచి పెట్టి, "చలికాలానికి పనికొస్తాది," అంది.

ఏడాది తిరిగాక రమ్మని పిలిచారు. నేనూ వెళ్ళాను. మైదానం ఒడ్డున కొత్తగా ఒక స్టాండు కట్టారు. పైన రేకుల కప్పు, మెట్ల మీద అతిథుల కోసం మెత్తటి కుర్చీలు, ముందు పాలరాతి పలక. దాని మీద పెదనాన్న పేరు, కింద దొడ్డ పేరు. దొడ్డ స్టాండు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"గదేదండీ?" అని అడిగింది హిందీలో.

క్రీడా విభాగానికి పెద్దాయన చెడ్డ మనిషి కాదు. చెమటలు తుడుచుకుంటూ చెప్పాడు. పైనుంచి రావలసిన నిధులు తగ్గాయి, పోటీలు దగ్గర పడ్డాయి, స్టాండు సగంలో ఆగిపోయింది, అందుకని మీరిచ్చిన డబ్బు అందులో కలపాల్సి వచ్చింది. "అయినా ఆటలకే కదమ్మా పెట్టాం. ఒక్క పైసా బయటికి పోలేదు."

దొడ్డ గోడ వైపు చూస్తూ మెల్లగా "అచ్ఛా" అంది. నాకు భయం వేసింది.

తిరిగి వస్తూ నేను ఆటోలో మండిపడ్డాను. సమాచార హక్కు కింద అడుగుదామన్నాను, పేపరుకెక్కిద్దామన్నాను. దొడ్డ వింది.

"ఆయన తినీలేదే. తిప్పీసాడు. తినీసినోడికి సిగ్గుంటాది, దొరికిపోతానని. తిప్పీసినోడికి అదీ ఉండదు, మంచి పనే చేసాననుకుంటాడు. పేపర్లో ఏస్తే మొహం దాచుకుంటాడు గానీ గది కడతాడేటి?"

ఇంతలో బెల్తరా అమ్మాయి రావడం మానేసింది. గది వస్తుందని చెప్పి ఇంట్లో ఇన్నాళ్ళు నెట్టుకొచ్చిందట. గది రాలేదు, తండ్రి వద్దన్నాడు. దొడ్డ నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి బెల్తరా వెళ్ళింది. ఇల్లు వెతుక్కుని, వాకిట్లో పీట మీద కూర్చుని, తండ్రితో కాదు, ముందు తల్లితో మాట్లాడింది. తనూ పరుగెత్తిన మనిషినేనని, దుప్పటి చాటున బట్టలు మార్చుకున్నానని చెప్పింది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"గది వచ్చేదాకా నేనే గది," అంది దొడ్డ. "మీ అమ్మాయి బట్టలు మార్చుకున్నంతసేపూ నేను నిలబడతాను. నా మీద నమ్మకం ఉంటే పంపండి."

తండ్రి అంతసేపూ గుమ్మంలో నిలబడి విన్నాడు. మేం లేస్తుంటే, "అమ్మా, ఎండలో వచ్చారు, భోంచేసి వెళ్ళండి," అన్నాడు. అదే ఆయన ఒప్పుకోవడం.

మర్నాటి నుంచి దొడ్డ సంచిలో ఒక పాత నేత చీర పెట్టుకుని మైదానానికి వెళ్ళేది. ఒక చెంగు స్టాండు స్తంభానికి కట్టి, రెండో చెంగు చేత్తో సాగదీసి పట్టుకుని నిలబడేది. సరిగ్గా తన పేరున్న పాలరాయి పక్కనే. ఆడపిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఆ చాటుకి వెళ్ళి వచ్చేవారు. దొడ్డ నినాదాలు చెయ్యలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. చెయ్యి నొప్పి పుడితే మార్చుకునేది. వానొస్తే స్టాండు కప్పు కిందికి జరిగేది. "చూసావేటి, కప్పుకి పనికొచ్చింది పైసా," అని నవ్వేది. కాలనీ ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. సెలవు రోజుల్లో నేనూ పట్టుకున్నాను. చీర ఒక చివర పట్టుకుని నిలబడితే ఎంత పెద్ద మైదానమో తెలుస్తుంది. ఎటు చూసినా బయలే.

కొన్ని వారాలకి క్రీడా విభాగం పెద్దాయన వచ్చాడు.

"అమ్మా, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారు. ఇది బాగోలేదు."

"బాగోలేదు బాబూ," అంది దొడ్డ, ఎంతో సానుభూతిగా. "నాకూ బాగోలేదు. చెయ్యి లాగుతోంది. కాస్త అటు తిరిగి నిలబడతారా, లోపల పిల్లలున్నారు."

ఆయన అటు తిరిగాడు. అలా చీరకి వీపు పెట్టి నిలబడ్డాడు పాపం, ఆ పిల్లలు బయటికి వచ్చేదాకా. అప్పుడే ట్రాక్ మీద సున్నంతో గీతలు వేసే కూలీలు అటు రాబోతే చేత్తో ఆపి, చుట్టూ తిరిగి వెళ్ళమన్నాడు. ఆ పని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

చలికాలం వెళ్తుండగా ఆయనే వచ్చి చెప్పాడు. స్టాండు మెట్ల కింద బోలెడు ఖాళీ ఉంది, రెండు వైపులా గోడలు లేపితే చాలు. ఆ ఏడాది అతిథుల మర్యాదలకి పెట్టుకున్న ఖర్చు తగ్గించి, పైవాళ్ళని ఒప్పించి, కట్టిస్తానన్నాడు. కట్టించాడు కూడా. పాలరాయి అలాగే ఉంచి, గది తలుపు మీద ఇంకో పలక పెడతానన్నాడు.

"రెండూ వొద్దు," అంది దొడ్డ. "ఆ కుర్చీలు నేనివ్వలేదు, పలక తీయించండి. గదికంటారా, గుడ్డలు మార్చుకునే గదికి మా ఆయన పేరేటండీ, అసియ్యంగా!"

పాలరాయి తీసేశారు. రిబ్బను కత్తిరించే తతంగం దొడ్డ పెట్టనివ్వలేదు. గది తయారైన రోజు తనొక్కతే లోపలికి వెళ్ళి గొళ్ళెం వేసుకుంది. చాలాసేపు రాలేదు. కొళాయి చప్పుడు వినిపించింది. పెద్దాయన కంగారుగా నా వైపు చూశాడు. తలుపు తీసేసరికి దొడ్డ ముఖం కడుక్కుని ఉంది. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"గొళ్ళెం బిగుతుగా ఉంది. చిన్నపిల్లల చేతికి రాదు. నూనె రాయించండి," అంది.

ఆ తర్వాత ఎప్పుడో అడిగాను. "దొడ్డా, ఇచ్చింది ఇచ్చి మరిచిపోవాలంటారు కదా. వెంటపడి చూసుకుంటే దానం ఎలా అవుతుంది?"

"పిల్లని రైలెక్కించి, చేరిందో లేదో కనుక్కోకుండా ఊరుకుంటావేటి? మరిచిపోవలిసింది ఇచ్చింది నువ్వని. ఎందుకిచ్చావో మరిచిపోకూడదు."

"అందరూ నీలా నిలబడలేరు కదా. వాళ్ళు ఇచ్చినవి ఏమవుతాయి?"

"అది నాకూ తెల్దే," అంది దొడ్డ. ఆ జవాబుకి ఆవిడ మీద నాకు ఇంకా గౌరవం కలిగింది. అలాగని ఆవిడ ఊరుకోలేదు. ఎవరైనా పరుగుకో గెంతుకో ఏదైనా ఇచ్చారని తెలిస్తే నడక మధ్యలో ఆగి, "అది వొచ్చిందా? చూపించండి," అనేది. బొగ్గు గనుల్లో పెద్ద ఉద్యోగం చేసి వెళ్ళిన ఒకాయన ఇచ్చిన హర్డిల్స్ ఎక్కడో గదిలో మూటలు కూడా విప్పకుండా ఉంటే బయటికి తీయించింది. క్రీడా విభాగంలో ఆవిడకి 'తనిఖీ మాతాజీ' అని పేరు పెట్టారు. ఆ మాట తెలిసి దొడ్డ మురిసిపోయింది.

బెల్తరా అమ్మాయి ఆ గది వచ్చిన ఏడాది విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పోటీల్లో నాలుగో స్థానంలో వచ్చింది. పతకం రాలేదు. దొడ్డ మాత్రం మైదానంలోనే అందరికీ జిలేబీలు పంచింది. ఆ అమ్మాయి ఇప్పుడు రతన్‌పూర్‌లో ఒక బడిలో ఆటల టీచరు. మంగళవారం మధ్యాహ్నానికల్లా బస్సులో వచ్చేసింది. దొడ్డ పాదాల దగ్గర కూర్చుని, లేచి వెళ్ళి మా వాళ్ళతోపాటు నీళ్ళు పట్టడం, వచ్చినవాళ్ళకి కుర్చీలు వెయ్యడం, అన్నీ చేసింది. ఎవరూ ఆమెని మీరెవరని అడగలేదు.

పెద్దాయన కూడా వచ్చాడు. ఆయన రిటైరై కొంతకాలమైంది. నాతో వాకిట్లో నిలబడి అన్నాడు. "మీ పెద్దమ్మగారు నన్ను ఒక్కసారి కూడా దొంగ అనలేదు. అని ఉంటే కోపం తెచ్చుకుని తప్పించుకునేవాణ్ణి."

నిన్న ఆదివారం పొద్దున్న ఎందుకో ఆ మైదానానికి వెళ్ళాను. అంతా కొత్త పిల్లలు. మా దొడ్డ ఎవరో వాళ్ళకి తెలియదు. గది ముందు ఒక అమ్మాయి ఒంటికాలి మీద గెంతుతూ బూటు తొడుక్కుంటోంది. నన్ను చూసి, "ఆంటీ, ఎవరి కోసమైనా వచ్చారా?" అని హిందీలో అడిగింది. లేదమ్మా, ఊరికే చూద్దామని, అన్నాను. కిటికీ ఊచల మీద తడి తువ్వాళ్ళు ఆరుతున్నాయి. లోపల ఎవరో ఏదో అన్నారు, గదంతా ఘొల్లున నవ్వింది. "జల్దీ కరో!" అని బయటి పిల్ల తలుపు బాదింది. తలుపు తెరుచుకుంది. పిల్లలంతా ఒక్కసారిగా బయటికి దూకి, విరబోసిన జుట్టు పరుగెత్తుతూనే ముడేసుకుంటూ ఎర్రమట్టి ట్రాక్ మీదికి వెళ్ళిపోయారు. మొదటి మలుపు తిరిగేసరికి ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయాను. ఎండలో లేచిన ఎర్రటి దుమ్ము, అందులో కాళ్ళు.