సర్వజ్ఞ సిస్టర్, కాలరు తగాదా

అత్యవసర విభాగంలో పనిచేసే ఆ నర్సుకు ఒక్కటే జబ్బు. ఎవరి పని గురించి వాళ్ళకే పాఠం చెబుతుంది. అదీ తప్పుగా చెబుతుంది. ఆవిడ నోరు పెట్టని విద్య లేదు, నర్సుపని మినహా సరిగ్గా తెలిసిన విద్య ఒక్కటీ లేదు. అందుకే ఆసుపత్రి మొత్తం ఆవిడను సర్వజ్ఞ సిస్టర్ అని పిలుస్తుంది.

గుండెనొప్పితో వచ్చిన లెక్కల టీచరు చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ, "ఎక్కాలు ఇరవయ్యో ఎక్కం నుంచి వెనక్కి నేర్పితే పిల్లలకు తేలిక కదండీ?" అంది. ఆయన ఆక్సిజన్ గొట్టం పక్కకు లాగి మరీ అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. స్పృహ లేకుండా వచ్చిన లారీ డ్రైవరు చెవి దగ్గర, "మలుపులో బ్రేకెందుకు, హారను చాలదూ?" అంటే, అతను ఒక కన్ను తెరిచి "ఎవరామె?" అని అడిగాడు. ఇక లాభం లేదని పక్కన పెట్టిన వంటవాడొకడు, ఉప్పు ముందే వేయాలన్న ఆవిడ మాటకు లేచి కూర్చున్నాడని స్ట్రెచర్ తోసే పెద్దాయన ఒట్టేసి చెబుతాడు. ఆయన ఒట్లకు ఆసుపత్రిలో పెద్ద గిరాకీ లేదనుకోండి.

ఈ కబుర్లు విని నవ్వనివాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన టైలరు.

ఆయన కొట్లో రెండు కుర్చీలు. మిషను ముందున్నది ఆయనది, కిటికీ పక్కనున్నది భార్యది. ఆయన కత్తిరించి కుట్టేవాడు. ఆవిడ కాజాలు తీసి, బొత్తాలు వేసి, దారం కొస పంటితో తెంపేది. ముప్పై ఎనిమిదేళ్ళ పాటు షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా ఇద్దరూ వాదించుకున్నారు. జేబు లోతు మీద, వాన రాకడ మీద, కూతురి జ్వరం మీద, దేనిమీదైనా సరే. వాదనలో గెలిస్తే తప్ప ఆయనకు ముద్ద దిగదు. ఎందుకోగాని, భోజనం వేళకు రోజూ ఆయనే గెలిచేవాడు.

ఒకరోజు పదకొండు గంటలవేళ దారం ఉండలు కొనడానికి ఇద్దరూ స్కూటరు మీద బయల్దేరారు. సందు మలుపులో పాల వ్యాను వచ్చి గుద్దేసింది.

కళ్ళు తెరిచేసరికి ఆయన తలకు కట్టు ఉంది, మెడకు గట్టి పట్టీ ఉంది, పైన తెల్లటి దీపం ఉంది. దీపానికి అడ్డంగా ఒక గుండ్రటి మొహం ఉంది.

"మా ఆవిడేది?"

"చూస్తున్నారు. మాష్టారూ, మీరు టైలరటగా? ఈ మెడపట్టీ ఎంత బిర్రుగా ఉందో చూశారా? చొక్కా కాలరు కూడా ఇలాగే ఉండాలండీ. అసలు ముందు కాలరు కుట్టుకుని, అక్కణ్ణుంచి కిందికి చొక్కా దింపుకుంటూ రావాలి."

తలలో ఉన్న మంట టైలరు కడుపులోకి దిగింది. "కాలరు ముందా? ఎవరు చెప్పారమ్మా నీకు?"

"ఒకరు చెప్పేదేముంది? బూజు పైనుంచే కదా దులుపుతాం!"

"చొక్కాకీ బూజుకీ ఏమిటి తల్లీ సంబంధం? భుజాలు కలపకుండా కాలరు దేనికి తగిలిస్తావు, గాలికా?"

"గట్టిగా చెప్పండి, వినపడ్డం లేదు."

"గాలికా అని!"

ఆవిడ మంచం పక్కనున్న తెర వెనక్కి వెళ్ళింది. రెండు నిమిషాలకు తిరిగొచ్చి ఇంకో పుల్ల పెట్టింది. "ఇంత తెలిసినవారు ఆ పెళ్ళికొడుకు కోటుకి కుడిచెయ్యి ఎడమకీ, ఎడమచెయ్యి కుడికీ ఎలా కుట్టారండీ?"

మెడ పట్టీలో ఉన్న సంగతి మరిచి ఆయన లేవబోయాడు. ఆవిడ ఆయన గుండె మీద అరచెయ్యి వేసి అణిచిపట్టింది.

"అది ఇరవయ్యేళ్ళ కిందటి మాట! ఆ రోజు కరెంటు పోయింది! నీకెవరు చెప్పారు?"

"ఊరంతా చెప్పుకుంటుంటే వినకేం చేస్తాను?"

అలా ఆవిడ తెర పక్కకు వెళ్ళిరావడం, వచ్చినప్పుడల్లా కొత్త నిప్పు రాజేయడం. మధ్యలో ఆయన మూడుసార్లు "మా ఆవిడ" అన్నాడు. మూడుసార్లూ "ముందు కాజాల సంగతి తేల్చండి" అంది. ఆయన తేలుస్తూ ఉండగానే బొత్తాం అన్న మాట సగం బయటికొచ్చి, సగం నోట్లోనే ముద్దయి ఉండిపోయింది. నర్సు మొహంలో తగాదా ఒక్కసారిగా ఆరిపోయింది.

"డాక్టర్ గారూ, రండి! మాట ముద్దవుతోంది! ఇప్పటిదాకా శుభ్రంగా తిట్టారు!"

తలలో నెత్తురు గడ్డకట్టిందట. పావుగంట ఆలస్యమైతే చేతికి దక్కేవాడు కాదట. ఆయన దక్కాడు. భార్య దక్కలేదు. ఆ సంగతి కూతురు నాలుగోరోజున గాని చెప్పలేకపోయింది.

నెలన్నర తరవాత టైలరు కొట్టు తెరిచాడు. చొక్కాలు కుట్టాడు. బొత్తాలు వేయడానికి మాత్రం చెయ్యి రాలేదు. తీగ మీద ఇరవై ఆరు చొక్కాలు గుండెలు తెరుచుకుని వేలాడాయి. "మాష్టారూ, బొత్తాలు?" అని అడిగిన బ్యాంకు గుమాస్తాకు, "పిన్నులు పెట్టుకోండి" అని జవాబు వచ్చింది. గుమాస్తా నాలుగు మాటలు అన్నాడు. ఒక్కదానికీ ఎదురు చెప్పకుండా టైలరు ఊరుకున్నాడు. అది చూసి గుమాస్తాకే భయం వేసింది. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తిరిగి వెళ్ళేది.

"ఒక్కసారి వెళ్ళి ఆ సిస్టర్‌కి దణ్ణం పెట్టి రా నాన్నా. నిన్ను బతికించింది కదా" అంది కూతురు.

"బతికించింది, కాదన్లేదు. మీ అమ్మ ఎక్కడో ఒక్కతే పోతుంటే నాచేత కాలర్ల గురించి వాగించింది. ఎలా ఉన్నావే అని అడగాల్సిన నోటితో కాజాలూ బొత్తాలూ అన్నాను. మీ అమ్మ ఎంత భయపడిందో, నన్ను ఎన్నిసార్లు పిలిచిందో! అది తెలియకుండా దణ్ణం ఎలా పెట్టను?"

"తెలియాలంటే అడగాలి. అడగాలంటే వెళ్ళాలి" అంది కూతురు. వాదన తల్లి పోలికే.

వెళ్ళాడు. ముందు కృతజ్ఞత, తరవాత ప్రశ్న అని దారి పొడుగునా కంఠతా పట్టాడు. సర్వజ్ఞ సిస్టర్ బల్ల దగ్గర కూర్చుని కట్టుగుడ్డలు చుడుతోంది. ఆవిణ్ణి చూడగానే రెండూ కలిసి ఒక్కసారే వచ్చేశాయి. "చాలా థాంక్సమ్మా, మా ఆవిడ ఎక్కడో ఒక్కతే పోతుంటే ఎందుకలా చేశావు?"

ఆవిడ పాఠమేమీ చెప్పలేదు. కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

"ఆవిడ ఎక్కడో లేదు మాష్టారూ. మీ పక్క మంచమే. మధ్యలో గుడ్డతెర, అంతే."

టైలరు చెయ్యి పక్కకు చాచాడు, తెర అక్కడే ఉన్నట్టు.

"మీకు చెప్పద్దని ఆవిడే నా చెయ్యి పట్టుకుని గుసగుసగా బతిమాలింది. 'తెలిస్తే లేచొచ్చేస్తారు సిస్టర్, మెడ విరగ్గొట్టుకుంటారు. ఆయన గొంతు వినిపించండి చాలు' అంది. మంచిగా పలకరించి చూశాను. మీరు కళ్ళు తెరవకుండానే ఊఁ అని ఊరుకున్నారు. 'అలా కాదు, పని తెలీదనండి, వీధి చివరిదాకా వినపడతారు' అని ఆవిడే ఉపాయం చెప్పింది."

"ఆ పెళ్ళికొడుకు కోటు..."

"ఆవిడ అందించిందే. నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదండీ. మా సూదులకు దారంతో పని లేదుగా."

"భయపడిందా?"

"మీరు 'గాలికా' అని అరిచినప్పుడు నవ్వింది. నవ్వితే నొప్పి. అయినా ఇంకోటి అడగమంది. రక్తం ఎక్కిస్తూనే ఉన్నాం, నిలవలేదు. ఆపరేషనుకు తోసుకెళుతుంటే నన్ను పిలిచి, 'భోజనం వేళవుతోంది, ఇక మీరు ఓడిపోండి సిస్టర్. నేను రోజూ ఈ వేళకే ఓడిపోతాను' అంది. ఆవిడ వెళ్ళిన పది నిమిషాలకు మీ మాట ముద్దయింది. అది ఆవిడ వినలేదు. మీరు బాగున్నారనుకునే వెళ్ళింది."

ముప్పై ఎనిమిదేళ్ళ విజయాలన్నీ టైలరు కళ్ళముందు వరసగా నిలబడి, ఒక్కొక్కటే తల వంచుకుని వెళ్ళిపోయాయి. "దొంగమొహం" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు నెలన్నరగా లేని ఒక మెరుపు ఆయన తడికళ్ళలో కదిలింది.

"అందరితోనూ ఇలాగేనా అమ్మా?"

"ఏం చేయనండీ? మాట్లాడుతుంటే మాటలో తేడా తెలుస్తుంది. మంచిమాటలు చెబితే ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు."

అంతలో తలుపులు ధడాలున తెరుచుకున్నాయి. పరంజా మీదనుంచి పడిన తాపీమేస్త్రీని తోసుకొచ్చారు. వెనకాలే వచ్చిన అతని భార్యను గుమ్మం దగ్గరే ఆపేశారు. సర్వజ్ఞ సిస్టర్ అప్పటికే స్ట్రెచర్ పక్కన పరుగెడుతోంది.

"ఏం మేస్త్రీ, గోడ లేపాక పునాది తవ్వుకుంటే పని తేలిక కదూ?"

మేస్త్రీ మూలిగాడు. అంతే.

"ఇదేం మనిషండీ! ప్రాణం మీదికొస్తే వేళాకోళమా?" అని మేస్త్రీ భార్య బావురుమంది.

టైలరు వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాడు. "ఊరుకో అమ్మా, ఆవిడ పని ఆవిణ్ణి చేయనీ. నువ్వొకటి చెప్పు. ఏమంటే మీ ఆయనకు బాగా మండుతుంది?"

ఆమె వెర్రిదానిలా చూసింది. తరవాత ఆయన మొహంలో ఏం కనపడిందో ఏమో, చేత్తో కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. "మా తమ్ముడు ఆయన కన్నా నిటారుగా గోడ కడతాడంటే."

టైలరు తలుపు సందులో తల దూర్చాడు. "సిస్టర్! గోడ నిటారుగా కట్టాలంటే వాళ్ళ బావమరిదేనట!"

లోపలనుంచి బావమరిది మీద ఒక మాట వచ్చింది. అది రాయదగిన మాట కాదు. కాని నొప్పితో బరువెక్కినా అక్షరం అక్షరం విడివిడిగా, వరండా చివరిదాకా వినిపించింది.

మేస్త్రీ భార్య మొహం విప్పారింది.

"ఆయనేనండీ!" అంది.