చెయ్యి మంచిది కాదన్నారు

2002లో నేను రాజమండ్రిలో కంప్యూటర్ల సర్వీసు ఇంజనీరుని. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటు నుంచి ఫోను వచ్చింది. వాళ్లు కంటైనరు కాగితాలన్నీ చెన్నైలో ఉన్న ఏజెంటుకి ఎఫ్‌టీపీలో పంపేవారు. ఫోను లైను మీద ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి ఫైళ్లు చేరవేసే ప్రోగ్రాం అది. పాస్‌వర్డు కొడితేనే లోపలికి రానిస్తుంది. దాన్నే లాగిన్ అంటాం. పదే పదే తప్పు కొడితే ఆ రోజుకి లాకైపోతుంది.

నేను వెళ్లేసరికి ఆపరేటరు రత్నకుమారి గారు కుర్చీలో లేరు, గోడ పక్కన నిలబడి ఉన్నారు. ఏడ్చినట్టున్నారు.

"ఈవిడ చెయ్యి మంచిది కాదండి," అన్నారు మేనేజరు సత్తిబాబు గారు, ఆవిడ ముందే. "పొద్దున్న నేను కొడితే చక్కగా వెళ్తుంది. మధ్యాహ్నం ఈవిడ కూర్చుంటే లాకైపోతుంది. రేపట్నించి రావద్దని చెప్పేశాను."

నాకు ఒళ్లు మండింది. చెరువులో రొయ్యపిల్ల వదలాలన్నా ఎవరి హస్తవాసి మంచిదో వెతుక్కునే చోటు అది. వాళ్ల నమ్మకం వాళ్లిష్టం. కానీ ఆవిడ భర్త మంచాన పడి ఉన్నాడని గేటు దగ్గరే విన్నాను. ఆ జీతం ఆగితే ఇంట్లో పొయ్యి వెలగదు. మెషీను మొరాయిస్తే మనిషిని తీసేస్తారా? హైదరాబాదులో ప్రోగ్రాం రాసినవాళ్లకి ఫోను చేస్తే వాళ్లింకా ఘనులు. "యూజర్ మిస్టేక్ సార్" అని పెట్టేశారు.

చెన్నైకి చెప్పి లాకు తీయించాను. "మీరు కూర్చోండి," అన్నాను ఆవిడతో.

"వద్దండి. మళ్లీ నా వల్లే అంటారు."

"అననివ్వండి. లాగిన్‌కి ముందు రోజూ ఏం పని చేస్తారో అదే చెయ్యండి."

ఆవిడ కూర్చుని, మర్నాడు చెరువుల్లో పట్టిన రొయ్యలకి లారీ ఎప్పుడొస్తుందో రైతులకి తెలుగులో నోటీసు కొట్టారు. దానికి వేరే సాఫ్ట్‌వేరు ఉంది. అది మూసేసి ఎఫ్‌టీపీ తెరిచారు. పాస్‌వర్డు గడిలో అక్షరాలు కనపడవు, చుక్కలే పడతాయి. నెమ్మదిగా ఒక్కొక్కటే నొక్కమన్నాను. ఒక మీటకి రెండు చుక్కలు పడ్డాయి.

తెలుగు సాఫ్ట్‌వేరు మూసినా మెమరీలోంచి కదల్లేదు. ఆవిడ సరిగ్గా కొడుతున్న ఇంగ్లీషు అక్షరాలని తెలుగు ఫాంటు గుర్తులుగా మార్చి ఆ గడిలోకి తోస్తోంది. ఆ గడేమో ఏం పెడితే అది మింగుతోంది. రాత్రి కంప్యూటరు ఆపేస్తారు, పొద్దున్న మేనేజరు గారు కూర్చునే వేళకి తెలుగు ఇంకా ఎవరూ తెరవరు. అంతే తేడా.

కంప్యూటరు ఆపి, మళ్లీ వేసి, తెలుగు తెరవకుండా కొట్టమన్నాను. కొట్టారు. కాగితాలు చెన్నై వెళ్లిపోయాయి.

సత్తిబాబు గారు నవ్వారు. "అదీ ఇంజనీరు గారి హస్తవాసంటే."

"నేను కీబోర్డు ముట్టుకోలేదండి," అన్నాను. గొంతు పెరిగింది, పెరగనిచ్చాను. "పంపింది ఆవిడ చేతులే. తీసేసేముందు, ఏం పని చేస్తుంటే ఇలా అవుతోందమ్మా అని ఒక్క మాట అడిగారా?"

ఆయన బల్ల మీద కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

"రేపు రావచ్చాండీ?" అని అడిగారు రత్నకుమారి గారు.

"ఆ, రండి," అన్నారాయన తలెత్తకుండా. తప్పయిందన్న మాట మాత్రం రాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

ఆ కేసు నాకు నేర్పింది ఒకటే. లాగిన్ ఫిర్యాదంటూ ఎక్కడికి పిలిచినా ఇప్పుడు నేను కుర్చీలో కూర్చోను. నింద పడినవాళ్లని కూర్చోబెడతాను. వేసినవాళ్లని వెనక నిలబడి చూడమంటాను.