పైకి ఒక పిలుపు

టంగ్, టంగ్ అని లిఫ్టు గుంతలో స్పానరు మోగింది. వెంటనే మెకానిక్ గొంతు: "బావా, ఆపేశావా?"

అతనికి అన్నం క్యారియర్ తెచ్చిన కూతురు తలుపు దగ్గరే ఆగిపోయింది. పై గదిలో కరెంటు ఆపి "ఆపేశాలేరా" అని పలికే మామయ్య పోయి ఏడాదయింది. ఇప్పుడు నాన్నే ఫ్యూజు పీకి, జేబులో వేసుకుని దిగుతున్నాడు. అయినా ఆయన చెయ్యి మాటిమాటికీ ఆ జేబునే తడుముతోంది. పిలుపు ఉక్కుతాళ్ల వెంట పైదాకా పాకి, ఉత్తినే తిరిగొచ్చింది.

"దేవుడంటే చాలు, లేడని అమ్మతో పోట్లాటకి దిగుతావు. మరి ఇదేంటి నాన్నా? ఫ్యూజు నీ జేబులోనే ఉందిగా!"

"ఉందమ్మా."

"పోనీ, నేను పలకనా?"

"నువ్వు పలికితే అది నీ గొంతే కదా." మళ్లీ పైకి చూశాడు. "పలక్కపోయినా పని చేసుకోగలను తల్లీ. పిలవకుండా మొదలెట్టడమే చేతకావట్లేదు."