ఆయుధపూజ నాటి ఇంటర్వ్యూ

రోబోటిక్స్‌లో మాస్టర్స్ చేస్తున్నానంటే అందరూ మొదట అడిగేది అమెరికానా అని. కాదు. మొదటి ఏడాది ఒక దేశంలో, రెండో ఏడాది ఇంకో దేశంలో చదివే కోర్సు ఇది, రెండూ యూరప్‌లోవే. సీటు రావాలంటే మార్కులు ఒక్కటే చాలవు, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. నా ఇంటర్వ్యూ మదనపల్లెలో, మోటార్లు బాగుచేసే ఒక అంగట్లో జరిగింది.

ఆ అంగడి నాయనది. కాలిపోయిన బోరు మోటార్లకు మళ్లీ రాగి తీగ చుట్టడం ఆయన పని. మా ఇల్లు పుంగనూరులో, రోజూ బస్సులో వచ్చి పోతాడు. నేను ఇంజనీరింగ్ చదివింది కుప్పంలో. చివరి ఏడాది టమోటా సాళ్ల మధ్య తనంతట తాను నడిచే నాలుగు చక్రాల చిన్న బండి తయారుచేశాను. ఏదైనా అడ్డం వస్తే ఆగి, పక్కకు తిరిగి పోతుంది. చదువు అయ్యాక దాన్ని టమోటా క్రేటులో పెట్టుకుని పలమనేరు మీదుగా బస్సులో తెచ్చాను. ఇంట్లో పెట్టే చోటు లేక అంగట్లోనే ఉంచాను.

ఆయుధపూజ ముందు రోజు సాయంత్రం నాయన స్పానర్లు, సుత్తులు, తీగ చుట్టే మిషను అన్నీ తుడిచి బల్ల మీద వరసగా పెట్టాడు. "నీ బండి గూడా పెట్టమ్మా. అదీ కష్టం చేసేదే కదా" అన్నాడు. ఇంటర్వ్యూకు ఇంకా టైముంది కదా అని పెట్టాను. మరునాడు పొద్దున ఆయన దానికి బంతిపూల దండ వేసి, ముందువైపు పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టాడు.

పూజ అయ్యాక ఫోన్ చూస్తే మెయిల్. ప్రొఫెసర్లలో ఒకరికి ప్రయాణం పడిందట, ఇంటర్వ్యూ ఈ మధ్యాహ్నమే పెట్టుకుందామా అని. సరేనని రాసేశాను. కాదనే ధైర్యం ఎవరికుంటుంది? బండిని నడిపి చూపించాలని మాత్రం వాళ్లు ముందే చెప్పి ఉన్నారు.

మా వైపు పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజంతా కదిలించరు. మరునాడు మళ్లీ కర్పూరం వెలిగించాకే చేతికి తీసుకుంటారు. నాకు తెలియనిదేం కాదు. అయినా అడిగాను.

"కుదరదమ్మా. రేపు తీసుకో."

"రేపు వాళ్లుండరు నాయనా. ఒక్క పది నిమిషాలు."

"పది నిమిషాలైనా కదిలించినట్టే కదా."

"యాల కదిలించకూడదు? ఏమైతాది?"

"ఏమైతాదో సూడాలని నేనెప్పుడూ అనుకోలేదు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాకు ఒళ్లు మండింది. మధ్యాహ్నం స్టూలు లాక్కుని, ఫోన్ ఎదురుగా పెట్టుకుని బల్ల ముందు కూర్చున్నాను.

తెర మీద ముగ్గురు. ప్రాజెక్టు గురించి, లెక్కల గురించి అడిగినవాటికి బాగానే చెప్పాను. తర్వాత బండి నడిస్తే చూడాలన్నారు. ఫోన్ తిప్పి దండ వేసిన బండిని చూపించాను. మా దగ్గర ఈ ఒక్కరోజు పనిముట్లకు విశ్రాంతి, ఇవాళ దీన్ని కదిలించడానికి లేదని చెప్పాను. వాళ్లలో ఒకావిడ నవ్వింది, ఎగతాళిగా కాదు. పెద్దాయన మాత్రం చూడకుండా నిర్ణయించడం కష్టమన్నాడు. సీటు పోయిందనే అనుకున్నాను.

నాయనకు ఇంగ్లీషు రాదు. "ఏమంటాండారు?" అని మెల్లగా అడిగాడు.

"నడిపించి సూపమంటాండారు."

"నువ్వేం చెప్పినావు?"

"ఈ పొద్దు కుదరదని చెప్పినా."

ఆయన నా ముఖం చూశాడు. చెప్పులు బయట విప్పి వచ్చి, రెండు చేతులతో బండిని ఎత్తి నేల మీద పెట్టాడు. "నడిపించమ్మా" అన్నాడు.

స్విచ్ వేశాను. బండి ముందుకు పోలేదు. వెనక్కి జరిగింది, పక్కకు తిరిగింది, మళ్లీ వెనక్కి జరిగింది. ముందంతా ఖాళీ నేలే. అప్పుడు తట్టింది, దూరం కొలిచే సెన్సరు మీదే నాయన పసుపు పూసి బొట్టు పెట్టాడని. పాపం, ఎటు తిరిగినా దానికి ముక్కు ముందు గోడే. ప్రొఫెసర్లకు అదే చెప్పాను. బొట్టు తుడవబోయి చెయ్యి ఆపుకున్నాను. నాయన తన తువ్వాలు అందించాడు. తుడిచాక బండి బల్ల కాళ్లను తప్పించుకుంటూ గడప దాకా పోయి ఆగింది. పనిచేయనప్పుడు ఎందుకో వెంటనే చెప్పగలిగావు, మాకు కావలసింది అదే అన్నాడు పెద్దాయన. కొన్ని వారాలకు సీటు వచ్చిందని మెయిల్ వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఫోన్ పెట్టేసేసరికి నాయన బండిని మళ్లీ బల్ల మీదకు చేర్చి, దండ సరిచేసి, కర్పూరం వెలిగిస్తున్నాడు. సీటు రావాలని మొక్కుకుంటున్నాడనుకుని, నేనూ దండం పెట్టుకుందామని పక్కకు వెళ్లి నిలబడ్డాను.

"తల్లీ, కదిలించింది నేను. ఏదన్నా ఉంటే నా మీదనే పెట్టు. బిడ్డ జోలికి రావద్దు" అంటున్నాడు.