బుధవారంగారి సిపాయి

మా ఆఫీసులో ఆయన్ని అందరూ తిట్ల బాబాయ్ అంటారు. ఆయన నోట ఒక్క తిట్టు కూడా ఎవరూ వినలేదు. తిట్లు చదవడం ఆయన ఉద్యోగం. మేము వీడియో గేములు తయారుచేస్తాం. వాటిని ఆడేవాళ్ళు మెచ్చుకుంటూనో, మొహం వాచేలా చీవాట్లు పెడుతూనో రాసే ప్రతి ఉత్తరమూ ముందు ఆయన బల్ల మీదికి వస్తుంది. ఆయన చదివి, అందులో పనికొచ్చేవి నాకు పంపిస్తాడు.

నా పని ఆటలో యుద్ధాలు. ఎవరు ఎవరిని ఎంత గట్టిగా కొట్టాలి, కొట్టాక ఎంతసేపు ఆగాలి, ఎన్ని దెబ్బలకి పడిపోవాలి, అన్నీ నేనే తేల్చాలి. అందరూ యుద్ధం మేడమ్ అని పిలుస్తారు. ఎదురుగా మర్యాదగానే పిలుస్తారు, వెనకాల ఏమంటారో నాకు అనవసరం. నాకు నోటి దురుసు ఎక్కువన్న సంగతి మాత్రం నాకూ తెలుసు.

పరుపుల దుకాణం పైన రెండో అంతస్తు మాది. ప్రింటరుకీ చేతులు కడుక్కునే సింకుకీ మధ్య మిగిలిన జానెడు చోట్లో బాబాయ్ బల్ల. తెర మీద తప్పులు కనబడవంటూ ప్రతి ఉత్తరమూ కాగితం మీద అచ్చు తీసుకుంటాడు. ఎర్ర పెన్సిల్‌తో ముందు అక్షర దోషాలు దిద్దుతాడు. మా ఆటని 'ధరిద్రం' అని ఎవరైనా రాస్తే, ఒత్తు కొట్టేసి 'దరిద్రం' చేసి మరీ నాకు పంపుతాడు.

"నన్ను తిట్టిన తిట్టుని కూడా ఇస్త్రీ చేసి పంపాలా బాబాయ్?" అన్నాను ఒకసారి.

"తిట్టేవాళ్ళు పాపం కోపంలో ఉంటారమ్మా. మనం తీరిగ్గానే ఉన్నాం కదా," అన్నాడు.

ఆయన బల్ల మీద మూడు ట్రేలుండేవి. ఒకదాని మీద 'తిట్లు', రెండోదాని మీద 'మెచ్చుకోళ్ళు' అని రాసి ఉండేది. మూడోదాని మీద 'మనుషులు'. ఆట పేరు చెప్పి ఇంకేదో చెప్పుకునేవాళ్ళ ఉత్తరాలు అందులో వేసేవాడు. ఆ ట్రే నాకు ఒళ్ళుమంట. దాంతో నా యుద్ధాలకి పైసా ఉపయోగం లేదని ముఖానే చెప్పాను. ఆయన తలూపి, ట్రేని కాస్త గోడవైపుకి జరిపాడు.

చదివేటప్పుడు ఆయన పెదాలు కదిలేవి. సింకు దగ్గరికి వెళ్తే సన్నగా వినబడేది కూడా. కామాలు, చుక్కలతో సహా పైకి చదివేవాడు. ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు చాలాకాలం తెలియదు. ఇక్కడికి రాకముందు ఆయన ఒక ప్రెస్సులో ఇరవై రెండేళ్ళు ప్రూఫులు దిద్దాడట. అక్కడ ఒకరు రాతప్రతి పైకి చదివితే, రెండోవాళ్ళు అచ్చు చూసి దిద్దాలి. ఆయనకి చదివిపెట్టింది ఆయన భార్యే. ఆవిడ పోయింది, తరవాత ప్రెస్సూ మూతబడింది. పిల్లల్లేరు. అప్పట్నుంచీ చదవడమూ దిద్దడమూ రెండూ ఆయనే చేసుకుంటున్నాడు.

మా ఆటలో యుద్ధం వంతులవారీగా జరిగేది. నీ వంతు వచ్చినప్పుడు తెర మీద నాలుగు బటన్లు కనిపిస్తాయి: కొట్టు, మంత్రం, మందు, కాచుకో. ఈ నాలుగో మాట బాబాయ్ ఇచ్చిందే. నేను 'డిఫెండ్' అని పెట్టుకుంటే, "వేటు కాచుకోవడం అని మంచి మాట ఉండగా అదెందుకమ్మా," అని మార్పించాడు. నొక్కితే నీ వీరుడు డాలు ఎత్తి నిలబడతాడు, దెబ్బ తగ్గుతుంది. అంతే దాని పని.

ఆటలో మూడో ఊరు దాటాక ఒక వంతెన వస్తుంది. దాని మీద ఒక ముసలి సిపాయి కాపలా. అతన్ని ఓడిస్తేగాని అవతలికి దారి లేదు. అతను ఎప్పుడేం చెయ్యాలో చెప్పే బుద్ధి రాసే రోజున నాకు జలుబు. చేతికొచ్చిన రెండు ముక్కలు రాసి పడేశాను. నువ్వు కొడితే కొడతాడు, నువ్వు కాచుకుంటే తనూ కాచుకుంటాడు. ఈ ఆట బయటికి వెళ్ళిన రెండో నెలలో, ఒక బుధవారం ఈ ఉత్తరం వచ్చింది.

'మీ ఆటలో వంతెన దగ్గరి సిపాయిగారిని కలిశాను. కాచుకో అని రాశారు కదా అని కాచుకుని ఉన్నాను. ఆయన కూడా నా కోసం కాచుకునే ఉన్నారు. ఎంతసేపు ఉండాలో రాయలేదు. నాకేం తొందర లేదు.'

ఆఫీసంతా పడీపడీ నవ్వాం. దెబ్బ కాచుకోమంటే, బస్సు కోసం కాచుకున్నట్టు నిలబడ్డారెవరో! నేనే ఆ కాగితాన్ని ప్రింటరు పైన గోడకి అంటించాను. బాబాయ్ నవ్వలేదు. సాయంత్రం దాన్ని జాగ్రత్తగా ఊడదీసి మూడో ట్రేలో పెట్టుకున్నాడు.

మళ్ళీ బుధవారం ఇంకొకటి వచ్చింది. ఆ పైబుధవారం ఇంకొకటి. పేరుండదు, ఆడో మగో తెలియదు. బాబాయ్ ఆ మనిషిని బుధవారంగారు అనేవాడు. 'ఇవాళ వంతెన మీద వాన పడింది. ఇక్కడా పడింది.' 'ఇవాళ నేను నోరు విప్పి మాట్లాడింది మీ సిపాయిగారి ఎదురుగానే. గొంతు పని చేస్తోంది.' ఇలా రెండు ముక్కలు, మూడు ముక్కలు ఉండేవి. ఏడాది దాటాక ఒకసారి, 'కొట్టు అని పక్కనే ఉన్న సంగతి తెలుసు. కొడితే ఆయన పడిపోతారు. తరవాత అవతలి ఊళ్ళన్నీ నేనొక్క ప్రాణమే తిరగాలి,' అని వచ్చింది.

వీటికి జవాబు రాయకూడదు. 'మీ అభిప్రాయం అందింది, కృతజ్ఞతలు' అన్న ఒక్క వాక్యం మాత్రం యంత్రం దానంతటదే పంపుతుంది. ఇంకో నియమం నేను పట్టుబట్టి పెట్టించింది: మా ఉద్యోగుల మాటలూ, ఉద్యోగులు ఆడిన ఆటలూ లెక్కలోకి రాకూడదు. భూతాల బొమ్మలేసే మా పెద్దమనిషి ఒకాయన, తన భూతాలు అద్భుతమని భార్య పేరుతో పదకొండు ఉత్తరాలు రాసుకుంటే, వాటిని అక్షర దోషాల్ని బట్టి పట్టుకున్నది బాబాయే.

రెండేళ్ళు గడిచాయి. ఆడేవాళ్ళ కోపం పెరిగింది. యుద్ధం నత్తనడక అన్నారు. 'నా వంతు వచ్చేలోపు స్నానం చేసొచ్చాను' అని ఒకరు రాశారు. నాలుగు వేల ఉత్తరాల సారం ఒక్కటే: వంతులు తీసేయండి, వేగం పెంచండి. నాకూ చేతులు దురద పెడుతున్నాయి. కొత్త యుద్ధంలో ఎవరి కోసమూ ఎవరూ ఆగరు. కాచుకో ఉండదు, దాని బదులు 'తప్పుకో' ఉంటుంది. నొక్కగానే వీరుడు పక్కకి దూకుతాడు. నూటికి ముగ్గురు కూడా వాడని బటన్ కోసం నాకేం బెంగ?

ఆ వారం బాబాయ్ మూడో ట్రేని రెండు చేతులా పట్టుకుని నా గదికి వచ్చాడు.

"ఆ ఒక్క బటన్ ఉంచమ్మా," అన్నాడు.

"ఒక్క ఉత్తరం కోసం ఆట ఆపమంటారా?"

"ఒకటి కాదు, నూట పన్నెండు."

"అన్నీ ఒకే మనిషివి బాబాయ్!"

"అవును. మనిషి ఒక్కరే," అన్నాడు.

నాకు చిరాకేసింది. "అది పోతే మీకేం పోతుంది, చెప్పండి."

ఆయన ట్రే వైపు చూశాడు. "రాయడం మానేస్తారు. నాకు ఉత్తరం వచ్చేది బుధవారం ఒక్కరోజేనమ్మా."

"అవి మీకొచ్చేవి కావు. కంపెనీకి వచ్చేవి."

"నిజమే," అన్నాడు. "తెరిచేది నేను కాబట్టి, అలా అలవాటైపోయింది."

నేను తల తిప్పుకుని తెర వైపు చూడటం మొదలుపెట్టాను. ఆయన వెళ్ళిపోయాడు. ఆ క్షణాన నా మీద నాకే అసహ్యం వేయాల్సింది. వేయలేదు. పని చాలా ఉంది.

కొత్త యుద్ధం మంగళవారం విడుదలైంది. మెచ్చుకోళ్ళ ట్రే సాయంత్రానికే నిండి పొర్లింది. బుధవారం బాబాయ్ ఒక కాగితం తెచ్చి, నా ముందు పెట్టి వెళ్ళాడు.

'ఇవాళ తెరిస్తే కాచుకో కనబడలేదు. నేను వెతుక్కుంటుండగా సిపాయిగారు కొట్టారు. పడిపోయాను. ఆయన తప్పేమీ లేదు.'

అందులో దిద్దడానికి ఒక్క తప్పు కూడా లేదు. ఎర్ర పెన్సిల్ మొనతో పొడిచినట్టు చివర ఒక చుక్క మాత్రం ఉంది.

ఆ తరవాత బుధవారాలు వచ్చాయిగానీ ఉత్తరం రాలేదు. బాబాయ్ ఆ రోజు పొద్దున్నే వచ్చి, ఉత్తరాల పెట్టె తెరిచి, చూసి, మూసేవాడు. మళ్ళీ తెరిచేవాడు. పైకి చదవడం ఆగిపోయింది. సింకు దగ్గర నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం వినబడేది కాదు. చేతులు కడుక్కోవడానికి కింది అంతస్తుకి వెళ్ళడం మొదలుపెట్టాను.

ఐదో వారం ఆయన జ్వరంతో రాలేదు. మధ్యాహ్నం మందులు పట్టుకుని నేనే వెళ్ళాను. చెప్పుల షాపు సందులో మేడ మీద ఒక్క గది. ఒకటే కుర్చీ. నాకది ఇచ్చి ఆయన మంచం మీద కూర్చున్నాడు. నాకు మంచినీళ్ళు ఇవ్వడానికి అట్టపెట్టె చింపి కొత్త గ్లాసు తీశాడు. "జత కొన్నాను. రెండోదానికి ఇవాళ పనిపడింది," అని నవ్వాడు. ఆఫీసు అందరికీ ఇచ్చిన గేమ్ యంత్రం బీరువా మీద, సీలు కూడా తియ్యకుండా ఉంది.

"మీరెప్పుడూ ఆడలేదా బాబాయ్?"

"ఇద్దరు కావాలేమో అనుకున్నానమ్మా."

"ఒక్కరే ఆడేది."

"అలాగా," అన్నాడు.

మెట్లు దిగుతుంటే నాకు ఏడుపొచ్చింది. నేను ఏడ్చే రకం కాదు. మెట్ల మీద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

మర్నాడు సిపాయికి రెండు ముక్కలు కొత్తగా రాశాను. ఎదుటివాళ్ళు ఏ బటనూ నొక్కకుండా పది సెకన్లు ఊరుకుంటే, అతను బల్లెం దించేస్తాడు. మళ్ళీ వాళ్ళు కదిలేదాకా కదలడు. ఆటలో ఏమేం మారాయో చెప్పే ప్రకటనలో దీని ఊసెత్తలేదు. బాబాయ్ జ్వరం తగ్గి వచ్చాక చెప్పి, బుధవారంగారికి జవాబు రాయమన్నాను.

"నియమం?"

"నేను చూసుకుంటాను. రాయండి."

నాలుగు వాక్యాలకి మూడు రోజులు పట్టింది. 'కాచుకో బటన్ పోయింది. దానికి చింతిస్తున్నాం. మీరు ఏమీ నొక్కకుండా నిలబడండి. సిపాయిగారు కాచుకునే ఉంటారు.' ఎన్ని మాటలు కొట్టేసి ఆ నాలుగు మిగిల్చాడో ఆయన చెత్తబుట్టకే తెలుసు. నేనే పంపాను.

జవాబు రాలేదు. ఒక వారం, మూడు వారాలు, ఆరు వారాలు. ఏ యుద్ధంలో ఎంతమంది ఎంతసేపు ఉన్నారో చూపించే పట్టిక ఒకటి నా దగ్గరుంటుంది. పేర్లుండవు, అంకెలే. వంతెన దగ్గర అందరూ నలభై సెకన్లలో సిపాయిని పడగొట్టి పోతున్నారు. అరగంటకి మించి ఆగినవాళ్ళు అన్న గడిలో రోజూ సున్నా. రోజూ చూసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు.

ఏడో గురువారం పొద్దున, ఆ గడిలో ఒకటి ఉంది. బుధవారం మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదూ పది దాకా, ఎవరో వంతెన మీద ఏమీ నొక్కకుండా నిలబడ్డారు.

కుర్చీ వెనక్కి పడిపోయినా చూసుకోకుండా పరిగెత్తాను. "బాబాయ్! వచ్చారు! బుధవారంగారు వచ్చారు! రెండు గంటల పది నిమిషాలు!"

ఆఫీసు మొత్తం తలలెత్తి చూసింది. బాబాయ్ పెన్సిల్ కింద పెట్టాడు. ఆయన ముఖంలో సంతోషం కోసం వెతికాను.

"అది నేనమ్మా," అన్నాడు.

నిన్న పన్ను నొప్పని ఆయన పూటసెలవు పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"వాళ్ళకి నిలబడమని రాశాం కదా. ఎలా ఉంటుందో నేను చూడలేదు. చూద్దామని..." ఆగాడు. "వంతెన దాకా చేరడానికే ఇన్ని వారాలు పట్టింది. బాగుంది. బల్లెం దించాడు. వాన కూడా పడింది."

ఆయన పెన్సిల్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"మరి ఆ ఒకటి తీసేయమ్మా," అన్నాడు.

"ఏ ఒకటి?"

"పట్టికలోది. ఉద్యోగులు ఆడింది లెక్కలోకి రాకూడదు కదా."

"ఉండనివ్వండి బాబాయ్. ఎవరు చూడొచ్చారు?"

"తప్పు తప్పేనమ్మా. దిద్దేయ్."

ఆ నియమం పెట్టింది నేనే. నా గదికి వెళ్ళి, పడిపోయిన కుర్చీ లేపుకుని కూర్చున్నాను. ఆయన గుమ్మం దాకా వచ్చి, చూడటానికి నిలబడ్డాడు. ఒకటిని కొట్టేశాను. గడిలో సున్నా వచ్చింది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది," అని ఆయన తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.