చెరువు గట్టు మీద ఫ్రాన్సు

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. ఉద్యోగం నిలబడాలంటే పై అధికారి ఏ పిచ్చిలో ఉంటే మనమూ ఆ పిచ్చిలోనే ఉండాలి. పెదవేగి దగ్గర పామాయిల్ ఫ్యాక్టరీలో చేరిన కొత్త. మా మేనేజరు గారిని ఏదో మిషను చూసి రమ్మని ఫ్రాన్సు పంపితే, ఆయన మిషను సంగతి అటుంచి సైకిలు పిచ్చి అంటించుకుని వచ్చారు. అక్కడ పల్లెల్లో కాలవ గట్ల వెంటా, పాత రైలు పట్టాలు పీకేసిన కట్టల మీదా సైకిళ్ళ కోసమే దారులు వేశారట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తొక్కినా ఒక్క లారీ ఎదురు రాదట. "మనకి కాలవలు లేవటోయ్? గట్లు లేవా? వెతికేవాడు లేడు గానీ!" అంటూ ఆయన నా వంక చూశారు. దాంతో నేను వెతికేవాణ్ణయిపోయాను.

ఆయనకి ఖరీదైన సైకిలు, హెల్మెట్టు, నల్ల కళ్ళద్దాలు, ఒంటికి అతుక్కుపోయే నల్ల నిక్కరు. నాకు మా మావయ్య పాత సైకిలు. (నిక్కరు మాత్రం నాకూ ఒకటి కొనిచ్చారు. అది వేసుకుని బయల్దేరితే మా అమ్మ వెనకనుంచి గబగబా తలుపేసేసుకుంది.) ఆదివారాలు మా వేట మొదలైంది. ఏలూరు నుంచి కాలవ గట్టు పట్టుకుని తాడేపల్లిగూడెం వైపు పోతే లారీలు లేవు, నిజమే. ఉంగుటూరు దగ్గర దారి పొడుగునా ధాన్యం ఆరబోసి ఉంది. "ఏవండీ, కాస్త దిగి నడవండి, గింజలు నలిగిపోతాయండి" అని ఒక పెద్దాయన ఎంత మర్యాదగా చెప్పాడంటే, ఆ ధాన్యం అయిపోయాక కూడా చాలా దూరం నడుస్తూనే ఉన్నాం. ఇంకో ఆదివారం కామవరపుకోట వైపు మెట్ట ఎక్కాం. అక్కడ ఎదురొచ్చినవన్నీ మా ఫ్యాక్టరీకి పోయే పామాయిల్ గెలల ట్రాక్టర్లే. మేనేజరు గారు దుమ్ములో దగ్గుతూ, "ఆదివారం కూడా వీళ్ళని ఎవరు రమ్మన్నారోయ్?" అన్నారు. "మీరేనండి" అన్నాను.

చివరికి కొల్లేరు వైపు వెళ్ళాం. ముసురు పట్టిన ఉదయం. రెండు వైపులా చేపల చెరువులు, మధ్యలో మట్టి గట్టు, ఆ గట్టు మీద మేమిద్దరం. లారీ కాదు కదా, మోపెడ్ కూడా లేదు. గాలి ఆడడం లేదు, నీళ్ళ మీద చిన్న అల కూడా లేదు. "ఇదీ ఫ్రాన్సంటే!" అంటూ మేనేజరు గారు సైకిలు దిగారు. సీసాలో మిగిలిపోయిన నారింజ రంగు గ్లూకోజు నీళ్ళు చెరువులో పారబోసి, సీసాని ఆ చెరువులోనే ముంచి కడిగి, తెచ్చుకున్న మంచినీళ్ళు పోసి, కొత్త పొట్లం చింపి పొడి కలిపారు. గట్టు వార చేపలు గుంపులుగా పైకొచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. "చూశావా, మనల్ని పలకరిస్తున్నాయి" అన్నారాయన. నేను ఫోటో తీశాను. అప్పుడు విజిలు వినపడింది.

పరిగెత్తుకుంటూ వచ్చిన కాపలా మనిషి మమ్మల్ని ఒక్క మాట కూడా అడగకుండా ముందు మా రెండు సైకిళ్ళకీ గాలి తీసేశాడు. తర్వాత చెరువు వంక తిరిగి, "మందు కలిపేశారండోయ్!" అని కేక పెట్టాడు. చెరువులో పురుగుమందు కలపడమంటే ఆ ప్రాంతంలో ఇల్లు తగలబెట్టడంతో సమానం. పగ ఉన్నవాడు చేసే పని. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కేక విని వచ్చినవాళ్ళు మమ్మల్ని గట్టు మీది పాకలోకి తీసుకుపోయి తవుడు బస్తాల మీద కూర్చోబెట్టారు. కాసేపటికి చెరువు రైతు వచ్చాడు. పరాయి చెరువు కౌలుకి తీసుకుని, భార్యా తనూ ఏడాదిగా ఆ పాకలోనే ఉండి పెంచుతున్నాడు. వచ్చే వారమే చేప పట్టి అమ్మాలి. బయట మనుషులు ఇంజను పెట్టి కొత్తనీరు కొడుతున్నారు, పడవేసుకుని తెడ్లతో నీళ్ళు చిలుకుతున్నారు. ఆయన మాత్రం మా ఎదురుగా కూర్చున్నాడు.

"టీ తాగండి బాబూ," అన్నాడు. గ్లాసులు వచ్చాయి. "తాగి, ఎవరు పంపారో చెప్పండి."

"ఎవరూ పంపలేదండీ. మేం దారి చూసుకుందామని వచ్చాం. ఫ్రాన్సులో ఇలాగే గట్ల మీద..." అని మేనేజరు గారు మొదలుపెట్టారు.

"పనీపాటా లేకుండా చెరువు గట్ల మీద తిరుగుతారేంటండీ ఎవరైనా? అదీ ఈ బట్టల్లో?"

నాకైతే ఆయన అనుమానమే న్యాయంగా కనిపించింది. రైతు మా సీసా అందుకుని, మూత తీసి, వాసన చూసి, మేనేజరు గారి చేతికిచ్చాడు. "తాగండి మరి" అన్నాడు. ఆయన గటగటా సగం తాగి నాకిచ్చారు. మిగతాది నేను తాగాను. (అంత భయంలోనూ తియ్యగానే ఉంది.) మేం పడిపోతామేమోనని పాకలో అందరూ మా మొహాలే చూస్తూ నిలబడ్డారు. మేం పడిపోలేదు. హమ్మయ్య, బతికాం అనుకుంటూ ఆ రైతు వంక చూశాను. ఆయన మొహంలో రక్తం లేదు.

"మబ్బేనండి" అన్నాడు మెల్లగా. "రాత్రంతా ముసురు పట్టేసిందండి. నీళ్ళల్లో ఆక్సిజను పడిపోయి, చేప ఊపిరాడక పైకొచ్చేసింది. పొద్దున్న చూడగానే తెలిసిందండి నాకు. మీరు దొరికారనేసరికి మీరే అయ్యుంటే బాగుండుననుకున్నాను. తిట్టుకోడానికి ఒక మనిషైనా ఉండేవాడు కదండీ."

గుమ్మంలోంచి చూస్తే చెరువు నిండా శీలావతి, బొచ్చె చేపలు తెల్లగా పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. మా మేనేజరు గారు ఫ్యాక్టరీలో ఎవరి మాటా పడని మనిషి. ఆయన హెల్మెట్టు తీసి బస్తా మీద పెట్టి లేచి నిలబడ్డారు. "పోనీ, మమ్మల్నే తిట్టండి. ఏమీ అనుకోం" అన్నారు. నేనూ లేచి పక్కన నిలబడ్డాను.

రైతు నిజంగానే తిట్టాడు. "బిడ్డల్లా పెంచానండి! మీకు చేతులెలా వచ్చాయండీ? మీ ఇల్లు బాగుపడుతుందాండీ? నా ఆడమనిషికి ఏం చెప్పమంటారండీ ఇప్పుడు?" అంత కోపంలోనూ ఆ అండీ ఆయన్ని వదల్లేదు. ఇంకో సమయంలో అయితే నవ్వొచ్చేదే. బిగుతు నిక్కర్లలో తలలు వంచుకుని, చేయని తప్పుకి తిట్లు తింటూ నిలబడ్డాం. తిట్టి తిట్టి ఆయన తవుడు బస్తా మీద కూలబడి పెద్దగా ఏడ్చాడు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా మేం కూడా నీళ్ళలో దిగి చచ్చిన చేపలు ఏరాం. ఫ్రాన్సు మాట మేనేజరు గారు మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు నేనూ ఒక మేనేజర్నే. ఫ్యాక్టరీ గేటు ముందు తెల్లవార్లూ గెలల ట్రాక్టర్ మీద పడిగాపులు కాసిన రైతులు ఒక్కోసారి నా గదిలోకి దూసుకొచ్చి, నాకు సంబంధం లేనివాటికి కూడా తిట్టిపోస్తారు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు, "మీ తప్పేముందండీ, చెప్పొచ్చు కదా" అంటారు. నిక్కరేసుకుని తల వంచుకుని నిలబడ్డ ఆనాటి నేను గుర్తొచ్చి నాకు చిన్నగా నవ్వొస్తుంది. "ఉండండయ్యా, ఆయన్ని తిట్టనివ్వండి" అని కుర్చీలోంచి లేచి నిలబడతాను.